సున్నం లెక్క

మొత్తం ముప్పై ఎనిమిది వేల ఆరువందలు.
అందులో పదివేలు ఒక పెళ్లివాళ్లవి,
గుడి బాగుంటే ఫోటోలు బాగొస్తాయని.
మిగతాది కానుకల పెట్టె చిల్లర,
పేరు రాయొద్దన్న ఒక ఐదువేలు.
పాలిషు ఫ్యాక్టరీలో బండలు లెక్కబెట్టేదాన్నని
పుస్తకం నా చేతికిచ్చినారు.

మా గుడి పాతదేం కాదు.
రంగు అద్దాలూ గంట గోపురమూ ఎప్పుడూ లేవు.
ఎనభై ఆరులో పోసిన కాంక్రీటు.
బస్సు షెడ్డుకు సిలువ పెట్టినట్టుందని
బేతంచెర్లకు కొత్తగా వచ్చినోళ్లంటారు.
నిజమే, మాకు కోపం రాదు.
లోపల మాత్రం ఏండ్లకేండ్ల భక్తి పేరుకుపోయింది:
పోయిన క్రిస్మసుల థర్మాకోల్ దేవదూతలు,
దుమ్ముపట్టిన ప్లాస్టిక్ లిల్లీలు,
పీఠం వెనక పచ్చ శాటిన్ తెర,
మరియమాత తల చుట్టూ పరుగెత్తే లైట్లు.

కొత్తగా వచ్చిన ఫాదరు మొదటి మీటింగులో అన్నాడు,
"ఏం కొందామో తర్వాత.
ఏం తీసేద్దామో చెప్పండి."
ఎవరూ పలకలేదు.
ప్రతి వస్తువు మీదా
చచ్చిపోయినోళ్ల పేరొకటి ఉండాది కదా.

శౌరమ్మవ్వ మొగుని పేరున ఇచ్చిన
ప్లాస్టిక్ షాండ్లియర్ దించినప్పుడు
ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికి పోయింది.
రెండు ఆదివారాలు పూజకు రాలేదు.
మూడో వారం వచ్చి, పైకి చూసి,
"అబ్బా, ఇంత ఎత్తుందా మన గుడి" అనింది.

రంగులేసే ఖాసింపీరా గోడను గోటితో గీకి
వాసన చూసినాడు.
"దీనికి పెయింటొద్దక్కా, ఉక్కిరిబిక్కిరైపోతాది.
సున్నం కొడదాం. గోడకు ఊపిరాడతాది."
నేను రాసుకున్నా. తొందరలో సున్నా ఎగిరిపోయింది.
కర్నూలు ఆఫీసులో లెక్కలు చూసేటాయన ఫోన్ చేసి,
"సున్నకు రెండువేల నాలుగువందలేందమ్మా?" అన్నాడు.

టైల్స్‌కు తొంభై వేలు చెప్పినారు.
ఆ కాగితం మడిచి
కుంటి బెంచీ కాలి కింద పెట్టినాం.
ప్రతి పాలిషు యూనిట్ వెనకా ఒక గుట్ట ఉంటాది,
అంచు విరిగినవి, గీత పడినవి,
లోడు లారీ తిప్పికొట్టినవి.
రాత్రి షిఫ్టు దిగొస్తా ఒక్కొక్కరూ ఒక్కో ముక్క
సైకిలు వెనక, భుజం మీద, తువ్వాల్లో చుట్టుకుని.
బూడిద రంగు, పసుపు, వానాకాలపు ఆకుపచ్చ.
ఏ రెండూ ఒక కొలతలో లేవు.
మేస్త్రీ మద్దిలేటి నడుం మీద చేతులేసి నిలబడి
"చీట్లపేకలా కలిపినారే" అని తిట్టి,
మూడు రోజులు నేల మీదే పరిచి చూసుకుని
నాలుగో రోజు మాలు కలిపినాడు.

ఏసీ పెడదామని
జాలీలకు ప్లైవుడ్డు కొట్టి పన్నెండేండ్లు.
ఏసీ రాలేదు.
మేకులు పీకుతుంటే ముందు పిచ్చుక గడ్డి రాలింది,
తర్వాత నాలుగు గంటల ఎండ
చతురస్రాలు చతురస్రాలుగా
తెల్లగోడ మీదికి ఎక్కింది.
పుస్తకంలో దానికి ఏ వరుసా లేదు.

వెలుగొక్కటే రాలేదు.
దాని వెంట బండల దుమ్మూ వచ్చింది.
ఎలీషన్న దగ్గినాడు.
ఇరవై ఏండ్లు కోత మిషన్ ముందు మింగిన దుమ్ము
లోపలి నుంచి బయటి దుమ్మును పలకరించినట్టు.
పడమటి వైపు ఒక్క జాలీ మళ్లీ మూసినాం,
ప్లైవుడ్డుకూ సున్నం కొట్టి.
దగ్గేవాళ్ల బెంచీలు ఇప్పుడు అక్కడే.
ఐదు బెంచీలు.

మిగిలింది నూట డెబ్బై.
టీలకని రాసి గీత కొట్టినా.

వాకిట్లో మూడో బండ కింద మాలు తక్కువైంది.
కాలు పెడితే టక్కుమంటాది.
ఆలస్యంగా వచ్చేవాళ్లెవరో
పీఠం దగ్గర ఫాదరు తలెత్తకుండానే చెప్తాడు:
ఒక టక్కు అయితే బడిపిల్లోడు,
నిదానంగా రెండైతే శౌరమ్మవ్వ.
వచ్చే వారం సరిచేస్తానని మద్దిలేటి అన్నాడు.
ఎండాకాలం పోయింది, వానలొచ్చినాయి.
ఆయనకు ఎవరూ గుర్తు చేయలేదు.