ఈ పూట అంకె

కావలి ట్రంకు రోడ్డు.
మస్తాన్ ఫ్రిజ్ రిపేరు షాపు.
షట్టరు పక్కన పలక మీద
అరువులు రాసుకునేవాణ్ణి.
ఈ డిసెంబరు నుంచి పైవరసలో
ఇంకో అంకె కూడా రాస్తున్నా.

297.

మేడమీద అద్దెకుండే హైమావతి
మూడు నెలలకని మంచుఖండం పోయింది,
ఒక పెట్టెని సూర్యుడి వైపు తిప్పి కొలవడానికి.
అక్కడిప్పుడు ఎండాకాలమంట.
పొద్దు గుంకదంట. అర్ధరాత్రప్పుడు కూడా
మనిషికి నీడ ఉంటదంట.
తెల్లారి మెసేజి పెడుతుంది, ఒకటే అంకె,
తన నెత్తిన ఓజోను ఎంతుందో.
ఉన్నదంతా కిందికి దించి నేలమీద పరిస్తే
మూడు మిల్లీమీటర్లు.
నా డబ్బాలో గాస్కెట్ రబ్బరంత.

304.
టీకొట్టు చెంచురామయ్య అది చూసి
చివరి నాలుగు మీద యాభై కట్టి పోగొట్టుకున్నాడు.
"యాడ తెస్తావబ్బయా ఈ నంబర్లు, బొంబాయా?"
ఇంకా కిందకి, అన్నాను.

311. ఆ రోజు ఇక్కడ ఒకటే వాన.
శనివారం 288.
ఆదివారం 263.

సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది.

ఎనభై తొమ్మిదిలో నేను హెల్పర్ని.
పాత గ్యాసు తీసెయ్యరా అంటే
ట్యూబు కత్తిరించి సందులోకి వదిలేవాణ్ణి.
తుస్సుమనేది.
వాసన లేదు, రంగు లేదు, మండదు.
సాధువులాంటి గ్యాసురా, అనేవాడు ఉస్తాదు.
మణికట్టుకి చల్లగా తగిలేది.
రోహిణి ఎండల్లో ఎదురింటి పిల్లోడు
పరిగెత్తుకొచ్చి మొహం పెట్టేవాడు.

ఎన్ని ఫ్రిజ్‌లో లెక్కేసుకుంటూ పోయి
రెండొందల దగ్గర ఆపేశా.
ఆమెకి రాశా: ఇది నా వల్లేనా?

సాయంత్రానికి జవాబు.
"కాదు మస్తాన్ భాయ్, గాలి కదిలింది, అంతే.
మీకు వాయుగుండం వచ్చిపోయినట్టే
ఇక్కడా పైన ఏదో ఒకటి పోతుంటుంది.
పొర పల్చబడుతుంది, మళ్ళీ చేరుకుంటుంది.
రెండ్రోజులు చూడండి."
కాసేపాగి ఇంకో ముక్క:
"మీ గ్యాసు లెక్క వేరు. అది నిదానం.
నూరేళ్ళ అరువు."

పలక మీద కింది వరస చూశా.
ఐస్‌క్రీం బండి పోలేరయ్య, పద్నాలుగొందలు.
ఏడాదిన్నరకే వాణ్ణి బజార్లో నిలబెట్టి అడిగా.

మంగళవారం 295.
చెంచురామయ్యకి అయిదు తగిలింది.
నా దగ్గర టీ డబ్బులు తీసుకోలా.

గ్లాసు పట్టుకుని సందులోకి పోయి నిలబడ్డా,
ఊరికే, మణికట్టు పైకెత్తి.
సముద్రం వైపునుంచి గాలి.
కొంచెం ఉప్పగా,
ఎవరి పేరూ అడక్కుండా.