ఎడారిలో వల

ఆ ఏడు సముద్రానికి జ్వరమొచ్చింది.
బాసిలియో పాంతా చెయ్యి ముంచి చూసి
"చంటిపిల్లకు నీళ్లు పోయొచ్చు" అన్నాడు,
నవ్వకుండా.

పెరూ తీరంలో అడుగు చలినీళ్లు పైకి రావడం మానేశాయి.
వాటితో ఎక్కొచ్చే మేత లేదు,
మేత వెంట నెత్తళ్లు లేవు.
గూడబాతులు రేవుగట్టు మీద
అప్పులవాళ్లలా కూర్చున్నాయి.

తర్వాత వాన.
ఇసుక తప్ప ఏమీ ఎరగని సెచురా మీద
చుట్టపుచూపుగా కాదు,
ఇల్లు రాయించుకున్నదానిలా.
పియురా నది గట్లు తెంచుకుని
పల్లం వెతుక్కుంటూ పోయింది.
మార్చికల్లా ఇసుకదిబ్బల నడుమ సరస్సు,
అవతలి ఒడ్డు కంటికి ఆనదు.

దోమితిల పడవను లారీకెక్కించింది.
బేరమాడింది, సగమే ఇచ్చింది.
సముద్రానికి వీపు చూపించి
ఇద్దరూ ఎడారిలోకి వేటకెళ్లారు.
నిరుడు మేకలు తోలిన చోట వల దించారు.

బాసిలియో దోసెడు నీళ్లు పుక్కిలించాడు.
ఉప్పు లేదు.
"అయినా అదే ఇది.
మబ్బెక్కి ఇటు తిరిగొచ్చింది, అంతే."

దోమితిల వినలేదు.
వల మునిగిన తుమ్మచెట్టుకు చిక్కింది.
మెడలోతు నీళ్లలో నిలబడి
ముల్లు ముల్లుగా విప్పుతోంది.
ఒక కొమ్మ మీద, ఇంకా,
పాత పిచ్చుకగూడు.
అందులోంచి చేపపిల్ల ఒకటి
తొంగిచూసింది.