నీవా

చిత్తూరు దగ్గర దిగినప్పుడు
పొద్దు ఇంకా తేరుకోలేదు.
ఊరు లేదు.
ఊరి పేరు నా నోట్లో ఉండింది, అంతే.

పద్నాలుగు నక్షత్రాల అవతల
చచ్చిపడిన ఓడ కడుపులో
దొరికింది ఆ రాగి రేకు.
దానిమీద రెండే అక్షరాలు:
నీవా.

చదవగలిగినవాళ్లు ముగ్గురు.
ముగ్గురూ ప్రశ్నే అన్నారు.
చీకట్లో ఎదురుపడిన దేన్నో చూసి
ఆ ఓడ అడిగిన ఆఖరి మాట అన్నారు.
"చివర దీర్ఘం చూడండి," అన్నాడు అందులో పెద్దాయన,
"గొంతు వణికినట్టు లేదూ?"

నాలుగు వందల ఏండ్లు.
"నేనే" అన్న గ్రహాలు ఒక జట్టు.
"నేను కాదు" అన్నవి ఇంకో జట్టు.
వలయాలు తెగినాయి, చందమామలు పగిలినాయి.
మా అమ్మ పుట్టిన ఊరు
ఇప్పుడు ఆకాశంలో గుండ్రంగా తిరిగే ఇసుక.
తవ్వకం పని నేను నేర్చింది
దాన్ని జల్లెడ పట్టే.

రేకు వెనక ఒక గీత ఉండేది.
వంకర. కొస దగ్గర రెండుగా చీలింది.
అక్షరాలకోసం కొట్టుకున్నవాళ్లు
గీతను నాకు వదిలేసినారు.
ఆ వంకరకు తగిన నేల కోసం
తొమ్మిది లోకాల పాత పటాలు తిరగేసినాను.
ఇక్కడ, ఈ ఎర్రమట్టి మీద,
పాత చెప్పులో పాదంలాగా కూర్చుంది.

మొదటి మూర, బూడిద.
రెండోది నల్లరాతి పొడి.
తర్వాత టెంకలు. మామిడి టెంకలు,
రసం పిండి పారబోసినవి,
నిలువెత్తు పొర.
సేనాని వజ్రవేలు ఒకటి చేతిలోకి తీసుకుని
"ఏ జంతువు పండ్లివి? ఎంత నోరో!" అన్నాడు.
పండ్లే అన్నాను.
అతను అనుకున్నవి కావు.

టెంకల కింద వంతెన కాలు.
దాన్ని ఆనుకుని వంగిపోయిన ఇనుప పలక.
చెంగల్రాయుడు కుంచె పక్కనబెట్టి
అరచేత్తో తుడిచినాడు.
నీవా నది.
దాని కింద ఇంకొంచెం చిన్నగా:
ఇక్కడ ఇసుక తవ్వరాదు. మీరినవారికి జరిమానా.

నవ్వొచ్చింది. ఆపుకున్నాను.
ఆపుకుంటే ఏడుపయ్యింది.

"నది అంటే ఏందక్కా?"
ఓడలో పుట్టిన పిల్లోడు,
గొట్టంలో తప్ప నీళ్లెరగడు.
"నీళ్లు పొయ్యే దోవ."
"యాడికి?"
"కిందికి."
"ఎవురు తోస్తారు?"

ఎవరో ఒక మనిషి.
రేకులు అతికేవాడో, చుక్కానమ్మో.
ఏడాదికి నెల రోజులు పారి
మిగతా అంతా ఎండిపొయ్యే ఊరి ఏరు పేరును
ఓడకు పెట్టుకున్నారు.
వంపు మర్చిపోకుండా వెనక గీసుకున్నారు.
ఎవర్నీ ఏమీ అడగలేదు.

వజ్రవేలు టెంకల కుప్పమీద కూలబడినాడు.
వాళ్లన్నలిద్దరూ "నేనే" అంటా కాలిపోయినారు.
"ప్రశ్న కాదా?" అన్నాడు.
కాదప్పా.
కొంచేపాగి మళ్లీ,
"కాదా?"
మూడోసారి నేను పలకలేదు.

పైన రెండు పటాలాలూ కాచుకోనుండాయి.
నేను పంపే మాట ఒక్కటే.
రాత్రంతా పంపలేదు.
పంపితే యుద్ధం ఆగుతుందనుకునేంత
చిన్నదాన్ని కాను.
ఇంత చావూ ఒక ఏటి పేరుకా అని
కొత్త కోపం మొదలుకావచ్చు.

తెల్లారేసరికి గుంతలో చెలమ ఊరింది.
ఎక్కడ దాక్కోనుండిందో,
ఇన్ని వేల ఏండ్లు,
ఆ చల్లదనం.

వజ్రవేలు మోకాళ్లమీద వంగి
నీళ్లలోకి చూసినాడు.
ఆ రెండక్షరాలూ మెల్లిగా అన్నాడు.
అడిగినాడో, పిలిచినాడో
నాకు తెలీలేదు.

అవతల గట్టున చెంగల్రాయుడు
బొటనవేలితో మట్టి గీరి
ఒక సన్న కాలువ తీసినాడు.
చేతులు రెండూ వెనక్కి కట్టుకుని
చూస్తా నిలబడినాడు.

"అక్కా," అని అరిచినాడు,
"తోయకుండానే పోతా ఉండాది!"