తరుగు పద్దు

భావనపాడు ఐసు ఫ్యాక్టరీలో
దిమ్మల లెక్క నేను రాస్తాను.
ఎన్ని తీశాం, ఎన్ని పడవెక్కాయి, ఎన్ని కరిగాయి.
కరిగినవాటికి వేరే గడి ఉంది,
దాని పేరు తరుగు.

సూరాడ దాలయ్యది రాత్రి షిఫ్టు.
పద్దెనిమిదేళ్లు ఫౌజులో వంట చేసొచ్చాడు,
అందులో ఆరు చలికాలాలు లడాఖులో.
అక్కడ చెరువు గడ్డకడితే
జవాన్లు బూట్లకి కత్తులు బిగించుకుని
హాకీ ఆడతారట.
గోలులో నిలబడ్డానికి ఎవరూ రాలేదట.
"వంటోడు పొయ్యికే బెదర్డు, దెబ్బకేటి బెదురుతాడు
అని నన్ను నిలబెట్టీసినారు బాబూ."

నౌపడా ఉప్పు కలిపిన నీళ్లలోకి డబ్బాలు దించుతూ
అమ్మోనియా వాసనలో దగ్గుతూ
ఈ మాట నాకు నలభైసార్లు చెప్పుంటాడు.
చెప్పినప్పుడల్లా ఒక పన్ను ఎక్కువ ఊడేది.

ఒక చలికాలం దేశం టీము అక్కడికే వచ్చిందట.
వాళ్ల గోలీ మోకాలు వాచిపోతే
తొమ్మిది రోజులు దాలయ్యే నిలబడ్డాడు.
పదోరోజు మోకాలు బాగయింది.
టీము విమానమెక్కింది,
దాలయ్య పప్పులో తాలింపు వేశాడు.

నా పుస్తకం వెనక అట్ట దగ్గర
అతనిది ఇంకో లెక్క.
ఏడాది, ఎదురు దేశం, కొట్టినవి, తిన్నవి.
సున్నా, పంతొమ్మిది.
ఒకటి, పద్నాలుగు.
ఒక ఏడాది గీత మాత్రమే,
టిక్కెట్లకి డబ్బుల్లేక వెళ్లలేదట.
సున్నా, పదకొండు.
రెండు, తొమ్మిది.

"ఇదేం పద్దు దాలయ్యా, అంతా తరుగే కదా" అన్నాను.

"పక్కకి సూడకు, కిందకి సూడు.
పంతొమ్మిది, పద్నాలుగు, పదకొండు, తొమ్మిది.
దిమ్మ ఎలగ కడతాదో రోజూ సూస్తన్నావు కదా,
అంచు కాడ్నించి కడతాది.
నడుం నీళ్లు ఆకర్నే."

ఆ కింద నాలుగు, మూడు.
చుట్టూ గీత లేదు, పక్కన చుక్క లేదు,
అన్నిటికీ వాడిన సిరాయే.
అక్కడ కాగితం మాత్రం పలచబడింది,
వేలు పెట్టి పెట్టి.
దాని కింద మళ్లీ ఒకటి, పన్నెండు.

వేట ఆపిన రోజులు.
పడవలు ఇసకలో పక్కకి ఒరిగి ఉన్నాయి.
వంజరం లేదు, నెత్తళ్లు లేవు,
వీధి కుక్కలకి కూడా వాసన మర్చిపోయినట్టుంది.
మోటారు తుప్పు పట్టకూడదని ఒక తొట్టి నడిపితే
పన్నెండు దిమ్మలు, అడిగేవాడు లేడు.

దాలయ్య షెడ్డులో ఊక పరిచి
వాటిని అంచుకి అంచు చేర్చి పడుకోబెట్టాడు,
సందుల్లో ఐసు పొడి కూరి చన్నీళ్లు పోశాడు.
పిల్లలు వచ్చారు.
కత్తుల్లేవు, కాళ్లకి గోనె పట్టాలు.
తాటిమట్టలు, అరిగిన చెప్పు మడమ కోసిన బిళ్ల.
రెండు ఖాళీ డబ్బాల మధ్య
గుండెకి థర్మోకోల్ పలక కట్టుకుని
యాభై ఆరేళ్ల మనిషి వంగి నిలబడ్డాడు.

మొదటి బిళ్ల కాళ్ల సందునుంచే పోయింది.
కొట్టింది మైలపల్లి నూకాలు, నాలుగో తరగతి.
పడింది, లేచింది, పడుతూనే మళ్లీ కొట్టింది.
పలక విరిగింది. పెదవి చిట్లింది.
"అదీ! అలగ!" అని అరుస్తున్నాడు
ఓడిపోతున్న మనిషి.

పద్దెనిమిదో నిమిషానికి అతుకులు విడాయి.
కాలవలో పడి నీళ్లు సముద్రం వైపు పోయాయి.
గోలు ఉన్నచోట మిగిలిన దిమ్మ మీద
రెండు పాదాల గుంటలు, కాసేపు.

పొద్దున్న గడిలో పన్నెండు అని రాశాను.
కారణం అన్న చోట కలం ఆగింది.
ఓనరుకి ఏం చెప్పాలో తోచక
పుస్తకం వెనక్కి తిప్పాను.

అప్పటికే రాసి ఉంది.
ఎదురు దేశం: మైలపల్లి నూకాలు.
కొట్టినవి సున్నా,
తిన్నవి పదకొండు.