కొంచెం చిన్నబుచ్చాలి

నిఘంటువులో శాడెన్ ఎదురుగా ఒక్క ముక్కే ఉంది:
విచారం కలిగించు.
యార్క్‌షైర్ కొండల్లో, స్వేల్ ఏటి ఒడ్డున
థిర్జా ఆల్డర్‌సన్ ఆ క్రియని
రబ్బరు తొడుగులు వేసుకుని మరీ వాడుతుంది.

ఆమె అద్దకపు పాకలో అది మనుషులకి జరిగేది కాదు,
ఉన్నికి జరిగేది.
కళ్లు జిగేలుమనే పసుపుని
తుప్పు మేకులు నానిన పుల్లటి నీళ్లలో ముంచి
నాచురంగు దాకా దించడం.
"ఈ ఎరుపు మరీ వాగుతోంది, శాడెన్ చెయ్యాలి" అంటుంది,
కూరలో ఉప్పు చాల్లేదన్నంత మామూలుగా.

మన మాటల్లో వెతికాను.
బాధపెట్టు: కాదు, ఉన్నికి నొప్పి లేదు.
ఏడిపించు: తొట్టిలోంచి తీస్తే నీళ్లు కారతాయి నిజమే, అయినా కాదు.
చిన్నబుచ్చు. ఇదే అనుకుంటా.
రంగు ముఖం కొంచెం చిన్నబోతుంది, అంతే.
విచారమంటే మనకి దిగులే కాదు, ఆరా తీయడం కూడా కదా;
థిర్జా ఆవిరిలోకి వంగి, కర్రతో ఉన్నిని పైకెత్తి
చాలా? ఇంకానా? అని చూస్తున్నప్పుడు
ఆ మాటకి రెండు చెవులూ మొలుస్తాయి.

పొంగని రొట్టెని కూడా ఇక్కడ శాడ్ అనే అంటారు.
వెన్న రాసుకుని తింటారు. బావుంటుంది.

నవంబరులో ఈనక్ మెట్కాఫ్ వచ్చాడు, బూట్లకి గొర్రెల పెంట.
సంచిలో స్వెటరు, ఆవపూల పసుపు.
అతని భార్య ఆవిస్ అల్లుకున్నది.
పొద్దున్నే కొక్కేనికి వేలాడుతూ అరుస్తుందట.
పెట్టెలో పెడితే పెట్టె అరుస్తుందట.
"కొంచెం శాడెన్ చేసి పెడతావా" అన్నాడు.
అతను వాడింది అద్దకపు మాటే.
థిర్జా ఎందుకో తొడుగులు విప్పి, మళ్లీ తొడుక్కుంది.

చెంచాడు ఇనుము కొలిచింది. అందులో సగం వెనక్కి పోసింది.
"ఎక్కువైతే ఉన్ని పెళుసెక్కుతుంది,
ముందు మోచేతుల దగ్గర పోతుంది."
తక్కువైతే?
"ఎండకి వెలుస్తుంది. ఇనుము తాగిన రంగే నిలబడేది."
ఆ మాటని అంతకంటే పెద్దది చెయ్యలేదు. నేనూ చెయ్యను.

పది నిమిషాలు.
పసుపు ముందు మచ్చలు మచ్చలుగా బెదిరింది,
ఆనక మబ్బు కింద పొలంలా సర్దుకుంది.

మర్నాడు పాక వెనక గడ్డి మీద పరిచాం.
ఈనక్ గేటు తీసుకుని వచ్చి
కొండ వాలంతా కళ్లతో దులిపాడు.
"ఎక్కడ పెట్టారు?"
అది అతని బూట్లకి మూరెడు దూరంలో ఉంది.

థిర్జా అతన్ని మోకాళ్ల మీదికి దించి
మణికట్టు పట్టుకుని
తడి ఉన్ని మీద చెయ్యి ఉంచింది.
వేళ్లు బొత్తాలు లెక్కపెట్టుకున్నాయి.
ఐదు. నాలుగోది ఊడితే ఎప్పుడో తనే కుట్టాడట,
దొరికిన నైలాన్ దారంతో, వంకరగా.
ఇనుము దాన్ని పట్టుకోలేదు.
అక్కడ, గోరంత మేర,
ఇంకా పసుపే.