సున్నా పాయింట్ మూడు

హడర్స్‌ఫీల్డ్‌లో ఆ మంగళవారం
వాన పడటం లేదు, ఊరికే గాల్లో వేలాడుతోంది.
రీస్ క్రాస్‌లాండ్, పదకొండేళ్లు,
బడి టై మీద టమాటా సాస్ మరక.
గడ్డం ఇక్కడ పెట్టు, దీన్ని కొరికి పట్టుకో,
నాలుక అంగిలికి ఆనించు, మింగకు,
ఇరవై లెక్కపెట్టేలోపు అయిపోతుంది అన్నాను.
యంత్రం వాడి తల చుట్టూ ఒకసారి తిరిగింది,
మొక్కేమీ లేని ప్రదక్షిణ.

దిగిరాని కోరపన్ను కోసం తీసిన స్కాన్.
ఎలాగూ తీశాం కదా,
పైదవడ వెడల్పు కూడా చూడమన్నాడు డాక్టర్ పెట్టిగ్రూ.

చీకటి గదిలో వాడి ఎముకను
పూతరేకు విప్పినంత మెల్లగా పొర వెనక పొర విప్పాను.
కుడి దవడపన్ను వేరు పక్కన ఒక చుక్క,
ఎడమన ఒక చుక్క,
నడుమ పసుప్పచ్చ గీత.
యాభై మూడు పాయింట్ ఎనిమిది.

రెండు వారాలాగి, పాత అంకె చూడకుండా
మళ్లీ కొలవాలి. మా దగ్గర అదో నియమం.
యాభై నాలుగు పాయింట్ ఒకటి.

వాడు పెరగలేదు. బొమ్మ అదే.
ఆ రోజు నాకు నిద్ర చాలలేదా,
ఈ రోజు కళ్లద్దాలు తుడుచుకున్నానా,
ఎముక ఎక్కడ ఆగుతుందో
బూడిదరంగు చెప్పదు,
ఒకచోట ఇక చాలు అని మనమే అనుకోవాలి.
తేడా సున్నా పాయింట్ మూడు.
స్కాన్‌లో ఒకే ఒక్క గింజ,
నూకలో నూక.

ఎవరూ లేరు కదా అని పైకే అన్నాను:
చీమ. చాప.
మొదటి చ అంగిలి మీద, రెండోది పళ్ల వెనక.
బళ్లో రెండిటికీ ఒకే అక్షరం దిద్దించారు.
ఆ దూరం ఎంతో ఎవరూ చెప్పలేదు,
నాలుక ఒక్కసారీ తప్పిపోలేదు.

మార్చిలో మళ్లీ వచ్చాడు, అంగిట్లో స్టీలు సాలీడుతో.
రాత్రికోసారి తాత తాళం తిప్పుతాడట,
పావు చుట్టు, పావు మిల్లీమీటరు.
అంటే నా పొరపాటు
వాడికి ఒక రాత్రి, ఇంకా కాస్త.

ముక్కుదూలం దగ్గర ఝుమ్మంటుందట.
కార్నెట్ ఊదలేకపోతున్నాడట,
బ్యాండులో వాడి కుర్చీ మీద అందరూ కోట్లు పడేస్తున్నారట.

ఫైల్లో సగటు రాశాను:
యాభై మూడు పాయింట్ తొమ్మిది అయిదు.
ఏ రోజూ నేను చూడని అంకె.

ముందుపళ్ల మధ్య కొత్తగా పడ్డ సందులోంచి
రీస్ ఈల వేసి చూపించాడు.
తాత నవ్వలేదు,
తాళం జేబులో ఉందో లేదో తడుముకున్నాడు.