గాలి

ఉండి దాటాక మూడో చెరువు గట్టు.
రాత్రి రెండున్నరకి కరెంటు పోయింది.
ఏరేటర్ రెక్కలు నాలుగు నురగలు కక్కి ఆగాయి.
ఇంజిను హ్యాండిల్ తిప్పాను. దగ్గి ఊరుకుంది.
చెరువుకి చాలని గాలి
డీజిల్ గొట్టంలో ఇరుక్కుంది.

"రొయ్య తేలితే నీ జీతమూ తేలుద్ది"
ఓనరు మాట, చెవి దగ్గర దోమలా.
కొట్టలేదు. వాలనిచ్చాను.

ఊపిరి లోపలికి: డీజిల్ కంపు.
బయటికి.
మోక్షానికేం కాదు,
నట్టు వదులు చేసేటప్పుడు
చెయ్యి వణక్కుండా.

టార్చి వెలుగులో ఎర్రటి కళ్లు
అంచుకొచ్చి గాలి వెతుక్కుంటున్నాయి.
ఈ నిమిషం వాటికీ నాకూ ఒకటే కావాలి.
తొంభయ్యో రోజున
ఐసులో పోసేదీ నేనే.
ఆ ఆలోచనా వచ్చింది.
జవాబు లేదు, పొమ్మనలేదు.

మూడోసారికి ఇంజిను అందుకుంది.
నీళ్లు తెల్లగా లేచాయి.
అప్పుడు కుట్టింది,
నిజం దోమ.